ఇంటికి గట్టి ట్రెడ్‌మిల్, అందుబాటు ధరలో: తరచుగా అడిగే ప్రశ్నలు

ట్రెడ్‌మిల్ కొనాలనుకునేవారి సందేహాలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. మోటారు ఎంత ఉండాలి, మడత పెట్టేది గట్టిగా నిలుస్తుందా, మోకాళ్లు ఏమవుతాయి, పై అంతస్తులో పెట్టవచ్చా? ఇవే మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి ఒకచోట చేర్చి, కొనాలన్న ఆలోచన దగ్గర నుంచి రోజువారీ వాడకం వరకు వరుసగా పెట్టాను. కావలసిన ప్రశ్న దగ్గరకు నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. నా పక్షపాతం మాత్రం ముందే చెప్పేస్తాను. డబ్బు కాళ్ల కింద ఉండే భాగాల మీద పెట్టాలి: ఫ్రేము, మోటారు, డెక్ (బెల్టు కింది పలక), బెల్టు, రోలర్లు (బెల్టు చుట్టూ తిరిగే ముందు, వెనుక గొట్టాలు). కళ్ల ముందు మెరిసే తెర మీద పెట్టిన డబ్బు ఆయుష్షును పెంచదు.

## కొనాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

బయట నడిస్తే సరిపోదా? ట్రెడ్‌మిల్ నిజంగా అవసరమా?

బయట నడిచే వీలు ఉన్నవారికి ఆ నడకే చాలు. పెద్దలు వారానికి కనీసం 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఆ శ్రమ రోడ్డు మీద చేసినా, బెల్టు మీద చేసినా శరీరానికి ఒకటే. వాన, ఎండ, చీకటి, కుక్కల భయం, ఇంట్లో పసిపాప, వేళకాని వేళ ముగిసే ఉద్యోగం వంటివి నడకను తరచూ మాన్పిస్తుంటే అప్పుడు యంత్రానికి అర్థం ఉంటుంది. కొనేముందు ఒక నెల పాటు రోజూ ఒకే వేళకు ఎలాగోలా నడిచి చూడండి. ఆ వేళ మీ దినచర్యలో నిలబడితే యంత్రం వాడుకలో ఉంటుంది. నిలబడకపోతే, యంత్రం కొన్నంత మాత్రాన ఆ వేళ పుట్టుకురాదు.

అన్నిటికంటే చౌకైనది కొంటే ఏమవుతుంది?

చౌక యంత్రం ఒక్కసారిగా పాడవదు, ఒక వరుసలో పాడవుతుంది. పలుచని బెల్టు, నాసిరకం డెక్ కలిసి రాపిడి పెంచుతాయి. రాపిడి పెరిగితే అదే వేగం నిలపడానికి మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. ఆ అదనపు కరెంటు అంతా మోటారును నడిపే కంట్రోల్ బోర్డు గుండా పోవాలి, అది వేడెక్కి ఒకరోజు కాలిపోతుంది. యజమాని మాత్రం మోటారు పోయిందనుకుంటారు. నిజానికి గొడవ మొదలైంది బెల్టు కింద.

అలాగని ఖరీదైనదే కొనాలని కాదు. ఒకే ధరలో రెండు యంత్రాలుంటే తెర చిన్నగా, ఒళ్లు బరువుగా ఉన్నదాన్ని తీసుకోండి. అందుబాటు ధరలో గట్టి యంత్రాన్ని పట్టుకునే దగ్గరి దారి ఇదే.

నడకకే కదా, మంచం కిందకు దూరే వాకింగ్ ప్యాడ్ సరిపోదా?

పని చేసుకుంటూ గంటకు 2, 3 కిలోమీటర్ల వేగంతో తాపీగా అడుగులు వేయడానికి సరిపోతుంది. చెమట పట్టే నడకకు చాలదు. బెల్టు ఇరుకుగా, పొట్టిగా ఉంటుంది. చాలావాటికి పట్టుకోవడానికి కమ్మీలు ఉండవు, వేగం కూడా గంటకు 6 కిలోమీటర్ల దగ్గర ఆగిపోతుంది. తూలే అలవాటున్నవారికి, వృద్ధులకు కమ్మీ లేని యంత్రం వద్దే వద్దు.

కరెంటు లేకుండా తిరిగే మాన్యువల్ ట్రెడ్‌మిల్ కొనవచ్చా?

చౌకలో దొరికే చదును రకం వద్దంటాను. బెల్టును మన కాళ్లే తొయ్యాలి కాబట్టి ముందు భాగం ఎప్పుడూ ఎత్తుగా ఉంటుంది, కమ్మీ పట్టుకుని వంగి నెట్టవలసి వస్తుంది. నడక సహజంగా ఉండదు, నడుము త్వరగా అలసిపోతుంది. వంపు తిరిగిన బెల్టుతో వచ్చే మాన్యువల్ రకం చాలా మంచిదే, అయితే దాని ధర మామూలు మోటారు యంత్రాన్ని సులువుగా మించిపోతుంది.

ఎవరో వాడిన పాతది కొనడం తెలివైన పనేనా?

చాలాసార్లు అవును. ఎంతో ఉత్సాహంగా కొని, కొద్ది నెలలకే మూలన పెట్టిన మంచి యంత్రాలు ఎన్నో ఉంటాయి. కొత్త చౌక యంత్రం ధరకే బరువైన పాత యంత్రం దొరికితే నేను రెండోదానివైపే మొగ్గుతాను. కానీ చూసి, నడిచి కొనాలి.

ముందు ప్లగ్గు తీయించండి. బెల్టు అంచు పైకెత్తి చెయ్యి లోపలికి పోనిచ్చి, పాదాలు పడే చోట డెక్‌ను తడమండి. నున్నగా, కాస్త జిడ్డుగా తగిలితే సంరక్షణ జరిగినట్టే. గరుకుగా, గాడి పడినట్టు తగిలితే డెక్, బెల్టు రెండూ మార్చాలి. ఆ ఖర్చు ధరలోంచి తగ్గించమని అడగండి. తర్వాత నడకవేగంలో 20 నిమిషాలు ఆపకుండా నడవండి. మొదటి 2 నిమిషాల్లో బయటపడని వాసన, వేడి, కీచు శబ్దం అప్పుడు బయటపడతాయి. చాలా యంత్రాల కన్సోల్‌లో (తెర, బటన్లు ఉండే ముందు భాగంలో) మొత్తం తిరిగిన గంటలు లేదా దూరం నమోదై ఉంటాయి, చూపించమనండి. ఆ మోడల్‌కు బెల్టు, బోర్డు ఇంకా దొరుకుతున్నాయో లేదో డబ్బు ఇచ్చే ముందే కనుక్కోండి. విడిభాగాలు రాని యంత్రం ఎంత చౌకైనా బరువే.

## వివరాల పట్టిక చదువుతున్నప్పుడు

మోటారు ఎన్ని హార్స్‌పవర్ ఉండాలి? పెట్టె మీద 6 అని ఉంది, మంచిదేనా?

ఆ 6 పీక్ హార్స్‌పవర్, అంటే మోటారు క్షణకాలం చూపగల గరిష్ఠ శక్తి. మీకు కావలసింది కంటిన్యూయస్ హార్స్‌పవర్, అంటే అలుపు లేకుండా గంట పాటు ఇవ్వగల శక్తి. లెక్క వేసి చూడండి. 1 హార్స్‌పవర్ సుమారు 746 వాట్లు. 6 హార్స్‌పవర్ అంటే దాదాపు 4,476 వాట్లు. 230 వోల్టుల 16 ఆంపియర్ల ప్లగ్గు ఇవ్వగలిగేది 3,680 వాట్లే. 120 వోల్టుల 15 ఆంపియర్ల ప్లగ్గు అయితే 1,800 వాట్లు, అంటే 2.4 హార్స్‌పవర్. గోడలోని ప్లగ్గు ఇవ్వలేని శక్తిని మోటారు గంటసేపు ఎక్కడి నుంచి తెస్తుంది?

నడకకు కంటిన్యూయస్‌గా 1.5 నుంచి 2, జాగింగ్‌కు 2.5, క్రమం తప్పని పరుగుకు 3 ఉంటే నిశ్చింత. పట్టికలో ఏ రకమో రాయకుండా ఒట్టి అంకె వేస్తే అది పీక్ అనే అనుకోండి.

మేం నెమ్మదిగానే నడుస్తాం. చిన్న మోటారు చాలదా?

నడిచే మనిషి బరువును బట్టి ఉంటుంది. నెమ్మది నడక మోటారుకు తేలిక అని అందరూ అనుకుంటారు, కానీ బరువైన మనిషి నెమ్మదిగా నడిచినప్పుడే మోటారు ఎక్కువ అవస్థ పడుతుంది. ప్రతి అడుగుకూ పాదం బెల్టును డెక్‌కు అదిమి పట్టి ఆపబోతుంది, దాన్ని మోటారు లాగాలి. పైగా చాలా మోటార్లకు చల్లదనమిచ్చే ఫ్యాను మోటారు ఇరుసుకే బిగించి ఉంటుంది. ఇరుసు నెమ్మదిగా తిరిగితే ఫ్యానూ నెమ్మదిగానే తిరుగుతుంది. బరువు 90 కిలోలు దాటినవారు నడకకైనా 2.5 కంటిన్యూయస్ హార్స్‌పవర్‌కు తగ్గకుండా చూసుకోవడం మంచిది.

గరిష్ఠ బరువు 110 కిలోలు అని ఉంది. నా బరువు 100. సరిపోతుంది కదా?

నడకకు అంచు మీద ఉన్నట్టు, పరుగుకు చాలదు. పరుగులో ప్రతి అడుగుకూ యంత్రం మీద పడే బలం శరీర బరువుకు రెండు, మూడు రెట్లు ఉంటుంది. తయారీదారు ఆ సంగతి లెక్కలోకి తీసుకునే అంకె వేస్తాడు. అయినా హద్దు పక్కనే రోజూ నడిపిన యంత్రం త్వరగా సడలిపోతుంది. మీ బరువుకు కనీసం ఐదో వంతు కలిపి చూడండి. 100 కిలోలవారికి 120 కిలోలు, పరుగెత్తేవారైతే 130 కిలోల సామర్థ్యం ఉన్నది తగినది. ఇంట్లో పలువురు వాడతారంటే అందరిలోకీ బరువైనవారిని లెక్కలోకి తీసుకోండి.

బెల్టు ఎంత పొడవు, ఎంత వెడల్పు ఉండాలి?

నడకకు 120 సెంటీమీటర్ల పొడవు, 42 నుంచి 45 సెంటీమీటర్ల వెడల్పు చాలు. జాగింగ్‌కు 130 పొడవు, 45 వెడల్పు. పరుగెత్తేవారికి 140 పైన పొడవు, 50 వెడల్పు. పొడగరులు మరో 10 సెంటీమీటర్లు కలుపుకోవాలి. ఇరుకు బెల్టు మీద పాదం పక్క పట్టీకి తగులుతుందేమోనన్న భయంతో మనకు తెలియకుండానే అడుగులు దగ్గర దగ్గరగా పడతాయి. పొట్టి బెల్టు మీద అడుగు చిన్నదవుతుంది. కొన్ని వారాల తర్వాత తుంటి పట్టేసినప్పుడు కారణం అంతుపట్టదు. పట్టికలో బెల్టు కొలత, యంత్రం మొత్తం కొలత పక్కపక్కనే ఉంటాయి, ఒకదాన్ని చూసి మరొకటి అనుకోకండి.

డెక్, రోలర్ల గురించి ఎవరూ చెప్పరు. అవి ముఖ్యమా?

చాలా ముఖ్యం. డెక్ అంటే బెల్టు కింద ఉండే పలక. అది 18 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, 22 నుంచి 25 ఉంటే గట్టిది. కొన్ని డెక్‌లకు రెండు వైపులా నున్నని పూత ఉంటుంది. ఒక వైపు అరిగితే తిప్పి బిగించుకోవచ్చు, ఆయుష్షు ఇంచుమించు రెట్టింపు. రోలర్లు ఎంత లావుగా ఉంటే బెల్టు వంపు అంత తక్కువ, బేరింగుల మీద భారమూ తక్కువ. 4 సెంటీమీటర్లకు తక్కువ వ్యాసం ఉన్నవి తేలికపాటి నడకకే. 5 దాటితే మేలు.

ఇన్‌క్లైన్, అంటే ముందు భాగం పైకి లేచే వాలు, కావాలా? చేత్తో మార్చేది చాలా, మోటారుతో మారేది కావాలా?

నడకనే వ్యాయామంగా ఎంచుకున్నవారికి ఇన్‌క్లైన్ చాలా ఉపయోగం. వేగం పెంచకుండానే గుండెకు పని పెరుగుతుంది, పరుగులో ఉండే అదురు ఉండదు. అంకెల అర్థం తెలుసుకోండి: 10 శాతం అంటే 100 సెంటీమీటర్ల దూరానికి 10 సెంటీమీటర్ల ఎత్తు, కోణం 6 డిగ్రీలకు కూడా రాదు. 15 శాతం అన్నా దాదాపు 8.5 డిగ్రీలే. కొన్ని పట్టికల్లో "15 స్థాయిలు" అని ఉంటుంది. స్థాయి వేరు, శాతం వేరు, అడిగి తేల్చుకోండి.

చేత్తో మార్చే రకంలో యంత్రం ఆపి, దిగి, వెనుకనో కిందనో ఉన్న పిన్ను మార్చాలి. నడక మధ్యలో ఎవరూ ఆ పని చేయరు. ఒకే వాలులో పెట్టి వదిలేసేవారికైతే అది చవకైన, పాడవని ఏర్పాటు. ఇక పరుగెత్తేవారు 1 శాతం వాలు పెట్టాలన్న మాట 1996లో జోన్స్, డౌస్ట్ అనే పరిశోధకులు చేసిన అధ్యయనం నుంచి వచ్చింది. ట్రెడ్‌మిల్ మీద ఎదురుగాలి ఉండదు కాబట్టి ఆ లోటు పూడ్చడానికి అది. వాళ్లు చూసింది గంటకు సుమారు 10.5 కిలోమీటర్లకు పైబడిన వేగాలను. నడిచేవారు ఆ నియమం గురించి పట్టించుకోనక్కర్లేదు.

గరిష్ఠ వేగం ఎంత ఉంటే చాలు?

నడకకు గంటకు 8 కిలోమీటర్లు, జాగింగ్‌కు 12, పరుగుకు 16. మీరు వాడే వేగం గరిష్ఠ వేగంలో నాలుగింట మూడు వంతుల లోపే ఉండేలా ఎంచుకుంటే మోటారు సుఖంగా ఉంటుంది.

మోకాళ్ల నొప్పి ఉంది. కుషనింగ్ ఎక్కువ ఉన్నది కొనాలా?

కొంత కుషనింగ్ మంచిదే, సిమెంటు నేల మీద కన్నా అదురు తగ్గుతుంది. మరీ మెత్తగా ఉంటే పాదం ఊగి చీలమండ, మోకాలు నిలదొక్కుకోవడానికి అదనంగా శ్రమపడతాయి. పేర్లు, స్ప్రింగుల సంఖ్య చూసి మురిసిపోకుండా ఎక్కి నడిచి చూడండి: పాదం కింద తేలిగ్గా అణగాలి, వెంటనే సర్దుకోవాలి. మోకాలికి చికిత్స జరుగుతుంటే వాలు, వేగం ఎంతవరకు పెట్టవచ్చో వైద్యుణ్ని అడిగాకే మొదలుపెట్టండి.

పెద్ద తెర, యాప్, స్పీకర్లు ఉన్నవి తీసుకోవచ్చా?

బడ్జెట్ పరిమితమైతే వద్దు. మీ ఫోను ముందు యంత్రం తెర త్వరగా పాతబడిపోతుంది. వేగం, కాలం, దూరం చూపే చిన్న తెర, ఫోను నిలబెట్టుకునే అంచు ఉంటే చాలు. యాప్ ఉన్న యంత్రమైతే ఒక్క ప్రశ్న తప్పక అడగండి: చందా కట్టకపోతే, ఇంటర్నెట్ లేకపోతే బెల్టు మామూలుగా తిరుగుతుందా?

లేబుల్ మీద హెచ్, ఎస్ అనే అక్షరాలు ఉంటాయట. ఏమిటవి?

వ్యాయామ యంత్రాల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 20957 ప్రకారం వేసే వాడక వర్గాలు. హెచ్ అంటే ఇంటి వాడకానికి, ఎస్ అంటే జిమ్ వంటి చోట్లకు. పక్కనే ఏ, బీ, సీ అక్షరం ఉంటే అది కొలతల కచ్చితత్వాన్ని చెబుతుంది, ఏ అన్నిటికంటే కచ్చితం. ఇంటికి హెచ్ వర్గం చాలు. ఇంటి యంత్రాన్ని అద్దె గదుల సముదాయంలోనో, ఆఫీసులోనో పదిమంది చేత వాడిస్తే వారంటీ చెల్లకపోవచ్చు.

## చూసి ఎంచుకుంటున్నప్పుడు

దుకాణంలో నిలబడి ఏమేమి పరీక్షించాలి?

నడిచే బూట్లు వేసుకుని వెళ్లండి. ముందు యంత్రం ఆపి ఉండగానే పక్క పట్టీల మీద నిలబడి, కమ్మీలు రెండూ పట్టుకుని పక్కలకు ఊపండి. కన్సోల్ స్తంభాలు కొద్దిగా కదలవచ్చు, కింది చట్రం మాత్రం కదలకూడదు. తర్వాత గంటకు 2 కిలోమీటర్ల వేగం పెట్టి, బరువంతా ఆనించి మడమతో గట్టిగా అడుగు వేయండి. బెల్టు క్షణం ఆగి మళ్లీ కదిలితే బెల్టు వదులుగా ఉందో, మోటారు చాలడం లేదో అర్థం. అమ్మకందారు వేగం పెంచి చూపించబోతాడు, మీరు మాత్రం ఈ నెమ్మది వేగంలోనే ఎక్కువసేపు ఉండండి. లోపాలు అక్కడే కనిపిస్తాయి.

ఆ తర్వాత మీరు రోజూ వాడే వేగంలో కనీసం 10 నిమిషాలు నడవండి. చేతులు ఊపినప్పుడు కమ్మీలకు తగులుతున్నాయా, మోకాలు మోటారు మూతకు తగులుతోందా చూసుకోండి. వాలు మొత్తం పైకి లేపి అక్కడ కూడా ఊగుతోందేమో చూడండి. చాలా యంత్రాలు చదునుగా ఉన్నప్పుడు గట్టిగానే ఉండి, వాలు పెంచగానే వణుకుతాయి. చివరగా సేఫ్టీ కీ (లాగితే యంత్రాన్ని ఆపేసే తాళం) లాగండి. బెల్టు వెంటనే ఆగే దిశగా నెమ్మదించాలి.

మడత పెట్టేది గట్టిగా ఉంటుందా?

మడత కీలు ఉన్నంత మాత్రాన బలహీనమని కాదు. ఒకే ధరలో మడవనిదే కాస్త గట్టిగా ఉంటుందన్నది నిజం. మడతది తీసుకుంటే డెక్ దానంతటది మెల్లగా దిగే హైడ్రాలిక్ సిలిండర్ ఉందో లేదో, నిలబెట్టినప్పుడు గొళ్లెం చప్పుడుతో గట్టిగా పడుతోందో లేదో చూడండి. నిజంగా రోజూ మడుస్తారా అన్నది కూడా నిజాయితీగా ఆలోచించుకోండి. శాశ్వతంగా ఒక చోటే ఉంచేవారికి మడత ఖర్చు వృథా.

ఎక్కి చూడకుండా ఆన్‌లైన్‌లో కొనాల్సి వస్తే దేన్ని నమ్మాలి?

యంత్రం సొంత బరువును. ఉక్కు ఎంత వాడారో దాచలేని అంకె అదొక్కటే. నడకకు 40 నుంచి 50 కిలోలు, జాగింగ్‌కు 60 నుంచి 80, పరుగుకు 80 పైన ఉంటే ఊగదు. పెట్టెతో కలిపిన బరువును యంత్రం బరువుగా రాసే పట్టికలుంటాయి, నికర బరువే చూడండి. కొన్నవారి అభిప్రాయాల్లో మొదటి వారంలో రాసినవి వదిలేసి, ఏడాది దాటాక రాసినవి వెతకండి. సర్వీసు మనిషి వచ్చాడా, భాగం ఎన్నాళ్లకు అందిందన్నది వాటిలోనే ఉంటుంది.

వారంటీలో ఏం చూడాలి?

మోటారుకు ఎన్నేళ్లు అని పెద్ద అక్షరాలతో రాస్తారు. ముందుగా పాడయ్యేవి కంట్రోల్ బోర్డు, కన్సోల్, బెల్టు. వాటికి ఎన్నాళ్లన్నది చిన్న అక్షరాల్లో ఉంటుంది. భాగం ఉచితమైనా పనికూలి, రవాణా మీదే కావచ్చు. "విడిభాగాలు, పనికూలి, ఇంటికి వచ్చి చేసే సర్వీసు" ఈ మూడింటికీ విడివిడిగా కాలం రాయించుకోండి.

ఇంట్లో చిన్నపిల్లలున్నారు. ప్రమాదమా?

అవును, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. కదిలే బెల్టు మీద చెయ్యి పెడితే చర్మం కాలినట్టు ఒలిచిపోతుంది. వెనుక రోలర్ దగ్గర సందులోకి చెయ్యి, దుస్తులు లాక్కుపోయే ప్రమాదం అంతకన్నా పెద్దది. 2021 మేలో అమెరికాలో పెలోటన్ సంస్థ ట్రెడ్ ప్లస్ అనే మోడల్‌ను వెనక్కి తీసుకుంది. ఒక చిన్నారి మరణం, మనుషులు, పెంపుడు జంతువులు, వస్తువులు వెనుక భాగం కిందకు లాక్కుపోయిన పదుల సంఘటనలు అందుకు కారణం. అది ఖరీదైన యంత్రమే. కాబట్టి ధరను చూసి భద్రత ఉందనుకోకూడదు.

వెనుక భాగం కిందకు వస్తువు దూరకుండా అడ్డు ఉన్న మోడల్ చూడండి. వాడకం అయ్యాక సేఫ్టీ కీ తీసి పిల్లలకు అందని చోట పెట్టండి, ప్లగ్గు కూడా తీయండి. మీరు నడుస్తున్నప్పుడు వెనుక ఏముందో మీకు కనిపించదు, అందుకే ఆ వేళలో పిల్లలు మరో పెద్దమనిషి దగ్గర ఉండాలి.

మా అమ్మానాన్నల కోసం కొంటున్నాం. ప్రత్యేకంగా ఏం చూడాలి?

ఎక్కే ఎత్తు తక్కువగా ఉండాలి, 15 సెంటీమీటర్ల లోపు ఉంటే మంచిది. పక్క కమ్మీలు నడుము దాటి వెనక్కి వచ్చేంత పొడవుండాలి. మొదటి వేగం గంటకు 0.5 లేదా 0.8 కిలోమీటర్లతో మొదలవ్వాలి, నేరుగా 2తో మొదలయ్యేవి వద్దు. ఆపే బటన్ పెద్దదిగా, ఎర్రగా, చేతికందేంత దగ్గరగా ఉండాలి. గుండె జబ్బు, తల తిరగడం ఉన్నవారు వైద్యుడి మాట విన్నాకే ఎక్కాలి. మొదటి కొన్ని రోజులు పక్కన ఎవరో ఒకరు నిలబడండి. ఎక్కడం కంటే దిగడమే వారికి కష్టం: బెల్టు పూర్తిగా ఆగాక ఒక క్షణం కమ్మీ పట్టుకుని నిలబడి, అప్పుడు దిగమని చెప్పండి.

## ఇంట్లో పెట్టేటప్పుడు

ఎంత స్థలం కావాలి?

యంత్రం కొలతకు వెనుక 2 మీటర్లు, ఇరుపక్కలా అర మీటరు ఖాళీ కలపండి. వెనుక ఖాళీ విషయంలో రాజీ పడొద్దు. పడిపోయిన మనిషిని బెల్టు వెనక్కి విసురుతుంది, అక్కడ గోడ ఉంటే ఇరుక్కుపోతాడు. పైకప్పు ఎత్తుకు లెక్క ఇలా: మీ ఎత్తు, డెక్ ఎత్తు, వాలు పెంచినప్పుడు పెరిగే ఎత్తు, ఆపైన 30 సెంటీమీటర్లు. సీలింగ్ ఫ్యాను కిందకు మాత్రం రానివ్వకండి. యంత్రం తెప్పించే ముందు తలుపు, మెట్ల మలుపు, లిఫ్టు కొలుచుకోవడం మరవకండి.

పై అంతస్తులో పెడితే నేల తట్టుకుంటుందా? కింది వాళ్లకు చప్పుడు వినిపిస్తుందా?

కాంక్రీటు స్లాబు సునాయాసంగా తట్టుకుంటుంది. నివాస గదులను సాధారణంగా చదరపు మీటరుకు 150 నుంచి 200 కిలోల భారానికి రూపొందిస్తారు. 80 కిలోల యంత్రం, 80 కిలోల మనిషి కలిసి దాదాపు 1.4 చదరపు మీటర్ల మీద ఉంటే చదరపు మీటరుకు 115 కిలోలు కూడా దాటదు. చెక్క నేల అయితే గది మధ్యలో కాకుండా గోడకు దగ్గరగా, దూలాలకు అడ్డంగా పెట్టాలి.

చప్పుడు సంగతి వేరు. మోటారు మోత గాలిలో పోతుంది, కిందికి దిగేది అడుగుల దడదడ. మందపాటి రబ్బరు చాప దాన్ని కొంత మింగుతుంది, పూర్తిగా కాదు. పరుగు కన్నా వాలు పెంచిన నడకకు దడ చాలా తక్కువ. కింద ఎవరైనా ఉంటే ఒకరోజు నడిచి చూపించి, ఏ వేళ ఇబ్బంది లేదో వారినే అడగడం ఉత్తమం.

ఏ ప్లగ్గుకు పెట్టాలి? ఎక్స్‌టెన్షన్ వైరు వాడవచ్చా?

ఎర్తింగ్ ఉన్న మూడు పిన్నుల పవర్ ప్లగ్గుకు నేరుగా పెట్టాలి. అదే లైనులో గీజరు, ఏసీ, ఇస్త్రీ పెట్టె ఉండకూడదు. సన్నని ఎక్స్‌టెన్షన్ వైరు వల్ల వోల్టేజి పడిపోతుంది, వైరు వేడెక్కుతుంది, భారం బోర్డు మీద పడుతుంది. బెల్టు రాపిడితో స్థిర విద్యుత్తు పుడుతుంది, ఎర్తింగ్ సరిగా లేకపోతే కమ్మీ పట్టుకున్నప్పుడు చురుక్కుమంటుంది. వోల్టేజి ఎగుడుదిగుడు ఉన్నచోట తగిన సామర్థ్యమున్న స్టెబిలైజరు, సర్జ్ ప్రొటెక్టరు వాడండి. చిన్న ఇన్వర్టరు మీద నడపవద్దు.

కరెంటు బిల్లు ఎంత పెరుగుతుంది?

నడకలో సాధారణంగా 400 నుంచి 700 వాట్ల మధ్య తీసుకుంటుంది. గంటకు అర యూనిట్ పైచిలుకు. బెల్టు పొడిబారితే ఈ లెక్క పెరుగుతుంది.

బాల్కనీలో పెట్టుకోవచ్చా?

వద్దు. తేమ రోలర్లను, బేరింగులను తుప్పు పట్టిస్తుంది, బోర్డును పాడు చేస్తుంది. దుమ్ము బెల్టు కిందకు చేరి గరుకు కాగితంలా డెక్‌ను అరగదీస్తుంది. కిటికీ ఉన్న గది మంచిది, కిటికీ పక్కనే వాన జల్లు పడే చోటు కాకుండా.

## వాడుతున్నప్పుడు

ఆయిల్ ఎప్పుడు వేయాలి? ఏ ఆయిల్?

సిలికాన్ ఆయిల్ మాత్రమే. వంటనూనె, కుట్టుమిషన్ నూనె, తుప్పు వదిలించే స్ప్రేలు బెల్టును పాడుచేస్తాయి. మూడు నెలలకో, 150 నుంచి 200 కిలోమీటర్లకో అని సాధారణంగా చెబుతారు, మీ యంత్రం పుస్తకంలో ఉన్న మాటే చివరి మాట. నమ్మకమైన పరీక్ష మీ వేలే. ప్లగ్గు తీసి, బెల్టు కింద మధ్య భాగాన్ని తడమండి. వేలికి సన్నని జిడ్డు అంటితే ఆగండి, పొడిగా ఉంటే వేయండి. ఎక్కువ వేసినా బెల్టు జారుతుంది. ముందుగానే ఆయిల్ పట్టించిన బెల్టులుంటాయి, వాటికి అసలే వద్దు.

బెల్టు ఒక పక్కకు జరిగిపోతోంది. మెకానిక్‌ను పిలవాలా?

ముందు మీరే ప్రయత్నించండి. యంత్రం వెనుక చివర ఇరుపక్కలా రెండు బోల్టులుంటాయి, వాటికి సరిపడే అలెన్ కీ యంత్రంతోనే వస్తుంది. యంత్రం మీద ఎవరూ లేకుండా గంటకు 4 కిలోమీటర్ల వేగంలో తిప్పండి. బెల్టు ఎడమకు జరుగుతుంటే ఎడమ బోల్టును పావు చుట్టు కుడివైపుకు బిగించండి. కుడికి జరుగుతుంటే కుడి బోల్టును. ఒక నిమిషం ఆగి గమనించండి, బెల్టు నెమ్మదిగా సర్దుకుంటుంది. ఓపిక పట్టక వరుసగా తిప్పేస్తే అది రెండో వైపుకు పరుగెడుతుంది. వదులు దుస్తులు, జుట్టు, వేళ్లు రోలర్‌కు దూరంగా ఉంచండి. నేల చదునుగా లేకపోయినా ఇదే సమస్య వస్తుంది, అందుకే బోల్టులు ముట్టుకునే ముందు యంత్రం కాళ్లు నాలుగూ నేలకు ఆనుతున్నాయో లేదో చూడండి.

అడుగు వేయగానే బెల్టు ఆగి, మళ్లీ కదులుతోంది. మోటారు పోయిందా?

చాలావరకు పోలేదు. బెల్టు ఆగిన క్షణంలో ముందు రోలర్ తిరుగుతూనే ఉంటే నడిచే బెల్టు వదులైంది. రెండు వెనుక బోల్టులనూ సమానంగా పావు చుట్టు బిగించండి. రోలర్ కూడా ఆగిపోయి మోటారు మాత్రం తిరుగుతుంటే, మోటారుకూ రోలర్‌కూ మధ్య ఉన్న చిన్న డ్రైవ్ బెల్టు జారుతోంది, అది మెకానిక్ పని. బెల్టును మరీ బిగించకూడదు. ప్లగ్గు తీసి మధ్యలో అంచు పట్టుకుని ఎత్తితే 5 నుంచి 7 సెంటీమీటర్లు లేవాలి.

కాలిన వాసన వస్తోంది, ఏం చేయాలి?

వెంటనే ఆపి ప్లగ్గు తీయండి. పొడిబారిన బెల్టు, మోటారు మూత లోపల పేరుకున్న దుమ్ము, వేడెక్కిన వైరు, ఈ మూడింటిలో ఏదో ఒకటి అయి ఉంటుంది. దుమ్ము, ఆయిల్ చూసుకున్నాక కూడా వాసన వస్తే మెకానిక్ వచ్చేవరకు వాడకండి.

తెర మీద చూపే క్యాలరీలు, గుండె వేగం నమ్మవచ్చా?

క్యాలరీలు ఉజ్జాయింపే, చాలాసార్లు ఎక్కువ చూపిస్తాయి. బరువు అడగని యంత్రం చూపే క్యాలరీలకైతే విలువే లేదు. కమ్మీ మీది సెన్సార్లు చెయ్యి కదిలినా, చెమట పట్టినా తప్పు చూపిస్తాయి. గుండె వేగం కచ్చితంగా కావాలంటే ఛాతీకి కట్టుకునే పట్టీ వాడండి.

కమ్మీ పట్టుకునే నడవవచ్చా?

ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, వేగం మార్చేటప్పుడు పట్టుకోండి. మిగతా సమయంలో వదిలేయండి. కమ్మీ మీద బరువు మోపి ఎక్కువ వాలులో నడిస్తే శరీరం చేసే పని తగ్గిపోతుంది, భుజాలు పట్టేస్తాయి. పట్టుకోకుండా నడవలేకపోతున్నారంటే వేగమో, వాలో మీకు ఎక్కువైందన్నమాట, తగ్గించండి. తూలు ఉన్న పెద్దలకు మాత్రం ఈ మాట వర్తించదు, వారు ఒక చెయ్యి ఆనించే నడవాలి.

బెల్టు మార్చే సమయం వచ్చిందని ఎలా తెలుస్తుంది?

అంచులు చిట్లి దారాలు లేస్తుంటే, అతుకు దగ్గర టకటకమంటుంటే, అడుగున ఉన్న నేత అద్దంలా నునుపెక్కి ఆయిల్ వేసినా జిడ్డు నిలవకపోతే మార్చాలి. మార్చేటప్పుడు డెక్‌ను కూడా చూడండి. అరిగిన డెక్ మీద కొత్త బెల్టు వేస్తే అదీ త్వరగానే పోతుంది. డెక్ రెండు వైపులా పూత ఉన్నదైతే అదే రోజు తిప్పి బిగించమని మెకానిక్‌కు చెప్పండి, బెల్టు ఎలాగూ విప్పి ఉంటుంది కాబట్టి అదనపు పని పెద్దగా ఉండదు.